పాత మోటార్‌సైకిల్ సిలిండర్ హెడ్‌: ఇంట్లోనే శుభ్రం చేసి పోర్టింగ్ చేసుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు గాలితో చల్లబడే ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ల గురించి, సిలిండర్‌కు రెండు వాల్వులుండే హెడ్ల గురించి. హెడ్‌లో గాలి, పెట్రోలు మిశ్రమం లోపలికి వచ్చే దారి ఇన్లెట్ పోర్టు, కాలిన పొగ బయటికి వెళ్ళే దారి ఎగ్జాస్ట్ పోర్టు. ఆ దారుల గోడలను సరిచేయడమే పోర్టింగ్. అల్యూమినియం హెడ్, కాస్ట్ ఐరన్ హెడ్ రెండూ ఇందులోకి వస్తాయి. ఇచ్చిన కొలతలు సాధారణంగా పాటించేవి. మీ బండి మాన్యువల్ వేరే అంకె చెబితే దాన్నే పట్టుకోండి.

పోర్టింగ్ అంటే పోర్టును పెద్దది చేయడమేనా?

కాదు. ఇంట్లో చేసిన పనిలో ఎక్కువ హెడ్లు పాడయ్యేది ఈ అపోహ వల్లే. పోర్టు వెడల్పయ్యే కొద్దీ అందులో గాలి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే తక్కువ ఆర్‌పీఎంలో పెట్రోలు గాలిలో సరిగా కలవదు. పిస్టన్ కిందికి వెళ్ళి మళ్ళీ పైకి తిరిగాక కూడా గాలి తన ఊపుతో కొంతసేపు సిలిండర్‌లోకి వస్తూనే ఉంటుంది. ఆ ఊపూ తగ్గిపోతుంది. రోడ్డు మీద నడిపే పాత సింగిల్ సిలిండర్ బండికి ఇది పెద్ద నష్టం. దాని బలమంతా కింది ఆర్‌పీఎం లాగుడులోనే ఉంటుంది.

చేయాల్సింది ఏమిటంటే, పోతలో మిగిలిపోయిన గరుకు, అతుకు గీతలు, సీటు రింగు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే లోహపు రింగు) అంచుకూ పోర్టు గోడకూ మధ్య ఉన్న మెట్టు, గాస్కెట్ దగ్గర ఒకదానికొకటి కలవని అంచులు తీసేయడం. దానికి తోడు వాల్వ్ సీటు పని పక్కాగా ఉండాలి. ఇంట్లో పని చేసేవారికి దక్కే లాభంలో ఎక్కువ భాగం వాల్వ్ సీటుకు అటూ ఇటూ ఓ 15 మిల్లీమీటర్ల మేరలోనే ఉంది.

ఏది ఇంట్లో చేయవచ్చు, ఏది మెషీన్ షాపుకు ఇవ్వాలి?

విప్పడం, మసి తీయడం, పోర్టు రుద్దడం, మేనిఫోల్డ్ (కార్బ్యురేటర్‌ను హెడ్‌కు కలిపే గొట్టం) కలపడం, వాల్వ్ ల్యాపింగ్ (వాల్వును సీటుకు పేస్టుతో రుద్ది కుదర్చడం), లీకు పరీక్ష, చాంబర్ (మిశ్రమం మండే గుంట) కొలవడం ఇంట్లో చేసుకోవచ్చు. గైడ్లు (వాల్వ్ కాడ జారే గొట్టాలు) మార్చి రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టు) వేయడం, కొత్త సీటు రింగులు ఎక్కించడం, మూడు కోణాల్లో సీటు కట్ చేయడం, వెల్డింగ్ బయట చేయించడమే మేలు. సీటు మధ్యబిందువు గైడ్ మధ్యబిందువుతో ఒకే గీతలో లేకపోతే ఎంత అందంగా రుద్దిన పోర్టయినా దండగే.

పని ఏ వరుసలో చేయాలి?

వరుస తప్పితే చేసిన పనే మళ్ళీ చేయాల్సి వస్తుంది. ముందు శుభ్రం చేసి పగుళ్ళు, అరుగుదల చూడాలి. తర్వాత పాత గైడ్లు ఉండగానే, సీట్లు తాజాగా కట్ చేయకముందే పోర్టింగ్ చేయాలి. బర్ (తిరుగుతూ లోహం కోసే చిన్న పనిముట్టు) పొరపాటున జారి పాత సీటుకు చిన్న గీత పడినా, తర్వాత వేసే కటింగ్‌లో అది పోయే అవకాశం ఉంది. కొత్తగా కట్ చేసిన సీటుకు ఆ వెసులుబాటు లేదు. పోర్టింగ్ అయ్యాక గైడ్లు, ఆ తర్వాత సీటు కటింగ్, ల్యాపింగ్, చివరి కడుగు, బిగింపు.

విప్పేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఇంజన్ పూర్తిగా చల్లారాకే హెడ్ నట్లు వదులు చేయండి. ఎదురెదురుగా, ఒక్కోటి పావు తిప్పు చొప్పున వదిలితే హెడ్ వంగదు. స్ప్రింగ్ కంప్రెసర్‌తో స్ప్రింగును నొక్కి కాటర్లు (వాల్వ్ కాడను పట్టి ఉంచే చిన్న ముక్కలు) తీయండి. కాటర్లు పాత నూనెకు అతుక్కుని రాకపోతే, కంప్రెసర్ బిగించేముందు రిటైనర్ (స్ప్రింగ్ పైన ఉండే పళ్ళెం) మీద గొట్టం పెట్టి చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే వదులుతాయి.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. ఏళ్ళ తరబడి రాకర్ (వాల్వును నొక్కి తెరిచే చేయి) దెబ్బలు తిన్న వాల్వ్ కాడ కొన చదునై అంచు బయటికి పొంగి ఉంటుంది. దాన్ని అలాగే లాగితే గైడ్ లోపల నిలువుగా గీరుకుపోతుంది. వాల్వ్ గైడ్‌లోంచి జారకపోతే ఆపండి, కొన చుట్టూ సన్న ఆకురాయితో ఆ అంచు తీసేసి అప్పుడు లాగండి. తీసిన భాగాలు ఇన్లెట్‌వి, ఎగ్జాస్ట్‌వి వేర్వేరుగా పెట్టుకోండి.

మసి, జిడ్డు వదిలించడం ఎలా?

మొదట కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో రుద్దండి. చాంబర్‌లో గట్టిపడిన మసిని ఇత్తడి బ్రష్‌తోనో, చెక్క లేదా ప్లాస్టిక్ పుల్లతోనో తీయాలి. స్క్రూడ్రైవర్ వాడితే అల్యూమినియం మీద లోతైన గీతలు పడతాయి. మసి తీసేటప్పుడు వాల్వులను తిరిగి వాటి చోట పెట్టి ఉంచితే సీట్లకు రక్షణ.

కాస్టిక్ సోడా అల్యూమినియానికి పనికిరాదు. అది లోహాన్నే కరిగిస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు పుడుతుంది. కాస్ట్ ఐరన్ హెడ్‌కు వాడవచ్చు, కానీ కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే గంటలోనే తుప్పు పడుతుంది.

గ్లాస్ బీడ్ బ్లాస్టింగ్ చేయిస్తే కొత్తదానిలా మెరుస్తుంది కదా?

మెరుస్తుంది. కానీ గాజు పూసలు నూనె దారుల్లో, మరలున్న రంధ్రాల్లో, పోతలోని సన్న రంధ్రాల్లో ఇరుక్కుని, ఇంజన్ వేడెక్కాక రాలి నూనెలో కలుస్తాయి. రాకర్ షాఫ్టును, బేరింగులను తినేది అవే. చేయించక తప్పదనుకుంటే ప్రతి రంధ్రానికీ బోల్టో రబ్బరు బిరడాయో పెట్టించండి. దానికన్నా నీటితో కలిపి కొట్టే వేపర్ బ్లాస్టింగ్ మెరుగు. అదైనా సరే, తర్వాత ప్రతి నూనె దారిని సన్న బ్రష్‌తో, గాలి ఒత్తిడితో శుభ్రం చేసి తీరాలి.

ఈ హెడ్ మీద శ్రమ పెట్టవచ్చో లేదో ముందే తేల్చుకోవడం ఎలా?

పగుళ్ళు ఎక్కువగా వచ్చేది రెండు సీట్ల మధ్య, లేదా ప్లగ్ రంధ్రం నుంచి ఎగ్జాస్ట్ సీటు వైపు. రంగు చొచ్చుకుపోయే డై పెనెట్రెంట్ కిట్‌తో చూడండి. ఎగ్జాస్ట్ స్టడ్లు, ప్లగ్ మరలు చూడండి. పాత బళ్ళలో చాలావాటికి 14 మి.మీ. మర, 1.25 పిచ్. మరలు అరిగితే ఇన్సర్ట్ వేయించి, ఆ ఇన్సర్ట్ అంచు చాంబర్‌లోకి పొడుచుకు రాకుండా చూడాలి. అలా వచ్చిన అంచు ఎర్రగా కాగి స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది.

గైడ్ అరుగుదలకు వాల్వును సీటు నుంచి ఓ 10 మి.మీ. పైకెత్తి పక్కలకు ఆడించి చూడండి. కొత్తగా ఉన్నప్పుడు ఇన్లెట్ కాడకు 0.03 నుంచి 0.06 మి.మీ. వరకు ఖాళీ ఉంటుంది, ఎగ్జాస్ట్‌కు కొంచెం ఎక్కువ. చేతికే స్పష్టంగా ఆడుతుంటే మార్చాల్సిందే.

సీటు రింగును చిన్న ఇత్తడి కడ్డీతో తట్టండి. బిగువుగా ఉన్న రింగు గట్టిగా మోగుతుంది, వదులైనది మందంగా పలుకుతుంది. అనుమానముంటే రింగు చుట్టూ పల్చటి నూనె రాసి హెడ్‌ను వేడిచేయండి. అంచులో బుడగలు వస్తే రింగు వదులైనట్టే.

పోర్టింగ్‌కు ఏ పనిముట్లు కావాలి?

వేగం తగ్గించే వీలున్న డై గ్రైండర్, లేదా ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ ఉన్న రోటరీ టూల్. టంగ్‌స్టన్ కార్బైడ్ బర్లు మూడు చాలు: గుడ్డు ఆకారం, జ్వాల ఆకారం, చిన్న గుండు. అల్యూమినియానికి పెద్ద పళ్ళున్న బర్ కావాలి, ఇనుముకు అడ్డదిడ్డంగా గళ్ళు కోసిన డబుల్ కట్ బర్. ఇనుముకు వాడే బర్‌తో అల్యూమినియం కోస్తే పళ్ళ మధ్య లోహం అతుక్కుపోయి అది కోయడం మానేస్తుంది. అల్యూమినియం కోసేటప్పుడు బర్‌ను మధ్యమధ్యలో కిరోసిన్‌లోనో మైనంలోనో ముంచుతూ ఉండాలి.

పొడుగు కాడ బర్లను గాలిలో పూర్తి వేగంతో తిప్పకండి. కాడ వంగి విరిగి ఎగిరిపోతుంది. బర్‌ను పోర్టు లోపల పెట్టి, గోడకు తాకించి, నెమ్మది వేగంతో మొదలుపెట్టాలి. ఇవి కాక 80, 120 నంబర్ల ఫ్లాప్ వీళ్ళు, ఎమరీ రోల్స్, లోపలి వ్యాసం కొలిచే చిన్న గేజ్, వెర్నియర్, మార్కింగ్ బ్లూ (గుర్తు కోసం పూసే నీలి రంగు), మంచి దీపం. కళ్ళద్దాలు, మాస్క్ లేకుండా స్విచ్ వేయకండి.

పోర్టులో ఎక్కడ మొదలుపెట్టాలి?

సీటు రింగుకు సరిగ్గా కింద, మెకానిక్కులు బౌల్ అని పిలిచే చోట. వేలు పెట్టి చుట్టూ తిప్పితే ఒక వైపు రింగు అంచు పొడుచుకు వచ్చి, ఇంకో వైపు అల్యూమినియం పొడుచుకు వచ్చి తగులుతుంది. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు కాస్త పక్కకు జరగడం వల్ల ఇలా ఉంటుంది. ముందు మార్కింగ్ బ్లూ పూసి, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే బర్ ఆడించి, రింగు లోపలి అంచు నుంచి గోడ వరకు ఒకే వంపుగా కలపండి. బర్ ఒకేచోట ఆగకూడదు, ఆగితే గుంట పడుతుంది.

ఎక్కడ ఆపాలో తెలియడానికి ఒక లెక్క ఉంది. సీటు కింద అన్నిటికన్నా ఇరుకైన చోట వ్యాసం, వాల్వ్ తల వ్యాసంలో 85 నుంచి 88 శాతం ఉంటే రోడ్డు బండికి సరిపోతుంది. అంటే 40 మి.మీ. వాల్వుకు 34 నుంచి 35 మి.మీ. ఇప్పటికే అంత ఉంటే వ్యాసం ముట్టుకోకండి, మెట్టు మాత్రం తీయండి.

పోర్టు నేల వంపు దగ్గర ఏం చేయాలి?

పోర్టు నేల సీటు వైపు మలుపు తిరిగే చిన్న వంపు మొత్తం పోర్టులో అత్యంత సున్నితమైన చోటు. గాలి అక్కడ పదునైన మూలను చూస్తే గోడను వదిలేసి సుడులు తిరుగుతుంది, దాంతో వాల్వ్ చుట్టూ సగం జాగాలోంచే గాలి వెళ్తుంది. ఆ మూలను మెల్లగా గుండ్రం చేయాలి, అంతే. నేలను కిందికి తవ్వితే వంపు ఇంకా కురచై పరిస్థితి మొదటికన్నా అధ్వానమవుతుంది. ఇక్కడ బర్ పక్కన పెట్టి 80 నంబర్ ఎమరీ రోల్‌తో పని చేయడం మంచిది. రుద్దిన ప్రతిసారీ వేలితో తడిమి చూడండి. కంటికి కనపడని గట్టు వేలికి దొరుకుతుంది.

పైకప్పు వైపు లోహం తీసినా నేల అంత హాని ఉండదు. కానీ అక్కడ గోడ వెనుక రాకర్ గది, స్ప్రింగ్ కూర్చునే చోటు ఉంటాయని గుర్తుంచుకోండి.

గైడ్ చుట్టూ ఉన్న బొడిపెను పూర్తిగా తీసేయవచ్చా?

తీయకండి. ఆ బొడిపె గైడ్‌కు ఆధారం. ఎగ్జాస్ట్ వైపు అయితే వాల్వ్ కాడ వేడి హెడ్‌లోకి దిగే దారి కూడా అదే. పక్కలను సన్నం చేసి, గాలి వచ్చే వైపు గుండ్రంగా, వెళ్ళే వైపు కోసుగా నీటిబొట్టు ఆకారంలోకి తెస్తే చాలు. పోర్టులోకి పొడుచుకు వచ్చిన గైడ్‌ను కోసి పొట్టి చేస్తే కొన్ని వేల కిలోమీటర్లలోనే వదులవుతుంది. రేసు బండికి అది చెల్లుతుందేమో గానీ రోడ్డు బండికి చెల్లదు.

గోడ ఎంత మందం మిగలాలి?

అల్యూమినియంలో కనీసం 3 మి.మీ. ఉంచండి. పుష్‌రాడ్ గొట్టం, హెడ్ స్టడ్ రంధ్రం, నూనె దిగే దారి పోర్టుకు ఏ వైపున దగ్గరగా ఉన్నాయో ముందే బయటి నుంచి కొలిచి మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. చిల్లు పడితే టిగ్ వెల్డింగ్ ఒక్కటే దారి. నూనె తాగిన పాత పోతలో వెల్డింగ్ సులభంగా పట్టదు, పట్టాక గైడ్, సీటు పని మొత్తం మళ్ళీ చేయించాలి. వెల్డింగ్‌కు ముందు క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడవడం ప్రాణాంతకం. ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ఇన్లెట్ పోర్టును అద్దంలా పాలిష్ చేయాలా?

అక్కర్లేదు. కార్బ్యురేటర్ బండిలో కొంత పెట్రోలు గోడకు తడిగా అంటుతుంది. గోడ మరీ నున్నగా ఉంటే ఆ తడి పొరగా, ధారగా జారుతుంది. సన్నటి గరుకు ఉంటే మళ్ళీ గాలిలోకి లేవడానికి వీలుంటుంది. 80 నంబర్‌తో రుద్ది 120తో ఆపేయండి.

మరి ఎగ్జాస్ట్‌?

అక్కడ ఎంత నున్నగా చేసినా ఇబ్బంది లేదు. మసి తక్కువ పట్టుకుంటుంది. ఎగ్జాస్ట్ పోర్టును వెడల్పు చేయాల్సిన అవసరం మాత్రం చాలా అరుదు. పోర్టు మూతి కన్నా సైలెన్సర్ పైపు లోపలి వ్యాసం ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉంటే ఆ మెట్టును వదిలేయండి. పొగ వెనక్కి తిరిగి రావడానికి అది అడ్డుపడుతుంది. పైపు చిన్నదై పోర్టు మూతిని మూస్తుంటే మాత్రం సరిచేయాలి.

కార్బ్యురేటర్ మేనిఫోల్డ్‌ను పోర్టుకు ఎలా కలపాలి?

హెడ్ ముఖానికి మార్కింగ్ బ్లూ పూసి, గాస్కెట్ పెట్టి, సన్న సూదితో గీత గీయండి. గాస్కెట్ రంధ్రం పెద్దదిగా ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి పోర్టు కోయకూడదు. అసలు కొలత మేనిఫోల్డ్ లోపలి వ్యాసం. మేనిఫోల్డ్, ఇన్సులేటర్ (వేడి పాకకుండా మధ్యలో పెట్టే ముక్క), పోర్టు మూడింట్లో ఎక్కడా అంచు గాలికి ఎదురు రాకుండా, లోపలికి ఓ 15 మి.మీ. దూరం పాటు క్రమంగా కలపండి. మేనిఫోల్డ్ ప్రతిసారీ ఒకేచోట కూర్చోకపోతే ఈ శ్రమంతా వృథా. స్టడ్ రంధ్రాల్లో ఆట ఉంటే ముందు దాన్ని తీసేయండి.

రెండు సిలిండర్ల బండిలో రెండు పోర్టులూ ఒకేలా వచ్చేదెలా?

ఒకదాన్ని పూర్తిచేసి రెండోది మొదలుపెట్టకండి. ఒక పని ఒక పోర్టులో చేయగానే అదే పని రెండోదాంట్లో చేస్తూ వెళ్ళండి. మధ్యలో మూడు నాలుగు చోట్ల వ్యాసాలు రాసుకోండి. సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీస్తే ఆకారం మొత్తం చేతిలో పెట్టుకుని పోల్చవచ్చు.

గైడ్లు మార్చేటప్పుడు హెడ్‌ను ఎందుకు వేడిచేస్తారు?

అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 14 మి.మీ. రంధ్రం 150 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే సుమారు 0.04 మి.మీ. పెరుగుతుంది. గైడ్ బిగువు కూడా ఇంచుమించు అంతే. అందుకే హెడ్‌ను ఓవెన్‌లో అన్ని వైపులా సమానంగా వేడిచేసి, గైడ్‌ను ఫ్రీజర్‌లో చల్లబరిచి కొడితే రంధ్రం గీరుకుపోకుండా దిగుతుంది. గ్యాస్ మంటతో ఒకే వైపు వేడిచేస్తే హెడ్ వంగుతుంది. గైడ్ మారిస్తే సీటు మళ్ళీ కట్ చేయించక తప్పదు.

సీటు కోణాలు, వెడల్పు ఎంత ఉండాలి?

చాలా ఇంజన్లలో వాల్వ్ ఆనే ముఖం 45 డిగ్రీలు. చాంబర్ వైపు 30, పోర్టు వైపు 60 డిగ్రీల కట్లతో ఆ ముఖాన్ని సన్నం చేస్తారు. కొన్ని పాత ఇంజన్లలో ఇన్లెట్‌కు 30 డిగ్రీల సీటే ఉంటుంది, కాబట్టి కట్టర్ పెట్టేముందు సరిచూసుకోండి. ఆనే వెడల్పు ఇన్లెట్‌కు 1.0 నుంచి 1.5 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 1.5 నుంచి 2.0 మి.మీ. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని ఎక్కువగా సీటు ద్వారానే వదిలించుకుంటుంది. అక్కడ సన్నం చేస్తే వాల్వ్ కాలిపోతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తల అంచు మందం 1 మి.మీ. కన్నా తగ్గితే ఆ వాల్వును పారేయండి.

ప్రతి కటింగ్‌తో వాల్వ్ లోపలికి దిగుతుంది, స్ప్రింగ్ ఆ మేరకు వదులవుతుంది. స్ప్రింగ్ బిగించిన ఎత్తు కొలిచి, పెరిగినంత మందమున్న షిమ్ (పల్చటి రింగు) స్ప్రింగ్ కింద వేయాలి.

ల్యాపింగ్ సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

సన్న పేస్టు కొద్దిగా పూసి, పీల్చే కప్పు కర్రతో అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్యలో ఎత్తి చోటు మార్చుతూ రుద్దండి. వాల్వ్ ముఖం మీద, సీటు మీద ఎక్కడా తెగని బూడిద రంగు వలయం వస్తే చాలు. వలయం తెగుతుంటే ఇంకా రుద్దడం జవాబు కాదు. సీటు వంకరగా ఉంది, కటింగ్‌కు పంపండి. ఎక్కువ రుద్దితే వాల్వ్ ముఖం మీద గాడి పడుతుంది.

స్ప్రింగులు బిగించాక పోర్టులో కిరోసిన్ పోసి ఐదు నిమిషాలు చాంబర్ వైపు చూడండి. తడి కనిపిస్తే ఆ వాల్వ్ ఇంకా మూయడం లేదు.

సీసం లేని పెట్రోలుతో పాత హెడ్‌కు ఇబ్బందా?

అల్యూమినియం హెడ్లలో సీటు రింగులు విడిగా వేసినవే కాబట్టి సాధారణంగా వెంటనే సమస్య రాదు. సీటును నేరుగా పోతలోనే కోసిన కాస్ట్ ఐరన్ హెడ్లలో ఎగ్జాస్ట్ సీటు క్రమంగా కుంగిపోతుంది. టాపెట్ ఖాళీ (వాల్వ్ కాడకూ రాకర్‌కూ మధ్య సందు) మాటిమాటికీ తగ్గిపోతుంటే అదే గుర్తు. రోడ్డు వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు 2021లో ప్రపంచమంతటా ఆగిపోయింది. అందువల్ల హెడ్ ఎలాగూ విప్పి ఉన్నప్పుడు గట్టి ఎగ్జాస్ట్ సీటు రింగు వేయించడం మంచి పని.

హెడ్ ముఖాన్ని కొంచెం తగ్గిస్తే కంప్రెషన్ ఎంత పెరుగుతుంది?

లెక్క వేసి చూడండి. 70 మి.మీ. బోర్, 90 మి.మీ. స్ట్రోక్ అంటే 346 సి.సి. కంప్రెషన్ నిష్పత్తి 7 అయితే పిస్టన్ పైన మిగిలే జాగా 57.7 సి.సి. చాంబర్ నోరు కూడా 70 మి.మీ. ఉంటే, అర మిల్లీమీటర్ తీసినప్పుడు పోయేది 1.9 సి.సి. కంప్రెషన్ 7.2 అవుతుంది. అంత చిన్న లాభం కోసం వాల్వ్, పిస్టన్ మధ్య దూరాన్ని పణంగా పెట్టకండి. తీయాల్సి వస్తే పిస్టన్ మీద బంకమట్టి ముద్ద పెట్టి, హెడ్ బిగించి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూడండి. అణిగిన మట్టి మందం ఇన్లెట్‌కు కనీసం 1.5, ఎగ్జాస్ట్‌కు 2.0 మి.మీ. ఉండాలి.

వంకర తీయడానికే అయితే మందపాటి గాజు పలక మీద 240 నంబర్ నీటి ఎమరీ పేపర్ పరిచి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) అంచు హెడ్‌లోని గాడిలో కూర్చునే రకానికి ఈ పద్ధతి పనికిరాదు. దానికి హెడ్‌ను బారెల్ (సిలిండర్ దిమ్మ) మీదే సన్న పేస్టుతో ల్యాప్ చేయాలి.

పాత గాస్కెట్ గీకేయవచ్చా?

పాతకాలపు హెడ్, సైలెన్సర్ గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పొడిగా గీకడం, వైర్ బ్రష్ మెషీన్ పెట్టడం రెండూ వద్దు. బాగా తడిపి, ప్లాస్టిక్ పలకతో తీసి, తడిగానే సంచిలో కట్టేయండి.

బిగించే ముందు చివరిగా ఏం చేయాలి?

వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బుతో మొత్తం హెడ్‌ను కడగండి. రజను, గ్రైండింగ్ పేస్టు కిరోసిన్‌తో పూర్తిగా పోవు. గైడ్ లోపల తెల్లగుడ్డ దూర్చి తీస్తే మరక అంటకూడదు. రాగి గాస్కెట్‌ను మళ్ళీ వాడుతుంటే మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. వాల్వ్ కాడలకు నూనె రాసి ఎక్కించండి. హెడ్ నట్లు ఎదురెదురుగా మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించండి. మొదటిసారి ఇంజన్ బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక టార్క్ మళ్ళీ చూసి, ఆ తర్వాత టాపెట్లు సర్దండి. టార్క్ చూడకముందే టాపెట్లు సర్దితే ఆ సర్దుబాటు నిలవదు.

కార్బ్యురేటర్ జెట్లు మార్చాలా?

ముందు ఉన్నవాటితోనే నడపండి. పూర్తి థ్రాటిల్‌లో కొంత దూరం లాగి, క్లచ్ పట్టి ఇంజన్ ఆపి ప్లగ్ చూడండి. పింగాణీ తెల్లగా, ఎండినట్టు ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి. గోధుమ రంగు ఉంటే వదిలేయండి. మేనిఫోల్డ్ దగ్గర గాలి లీకున్నా ప్లగ్ తెల్లబడుతుంది, కాబట్టి జెట్ కొనేముందు ఆ కీలు చూడండి.

ఇదంతా టూస్ట్రోక్ హెడ్‌కు వర్తిస్తుందా?

శుభ్రం చేయడం, ముఖం సమం చేయడం, ప్లగ్ మరల సంగతి వర్తిస్తాయి. పోర్టులు మాత్రం బారెల్‌లో ఉంటాయి. అక్కడ అంచు ఎత్తు మారితే పోర్టు తెరుచుకునే సమయమే మారిపోతుంది, కాబట్టి పై కొలతలేవీ దానికి వాడకండి.